అయిదు గంటల్లోపు క్షమాపణ

"ఈ ఉత్తరం రాసిన మహానుభావుడు ఎవరండీ?"

తలెత్తి చూశాను. నీలం యూనిఫామ్, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చేతుల మీద గ్రీజు మరకలు, భుజాన ఇంత బరువున్న పనిముట్ల సంచి. కళ్ళు మాత్రం నన్ను కాల్చేసేలా ఉన్నాయి.

"పార్డన్?" అన్నాను.

"వినపడలేదా, వినాలని లేదా?"

"పార్డన్... అంటే, వినపడిందండీ. నేనే రాశాను."

ఆమె కాగితాన్ని నా టేబుల్ మీద టపీమని పెట్టింది. "చదవండి. పైకి చదవండి."

నా ఉత్తరం నేనే చదువుకోవాల్సిన గతి పట్టింది. "మా మెకానిక్ ఆలస్యంగా వచ్చినందువల్ల మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించగలరు."

"నేను ఫోనొచ్చిన పన్నెండు నిమిషాల్లో అక్కడున్నాను. మెషిన్ రూమ్ తాళంచెవి జేబులో వేసుకుని ఆ బిల్డింగ్ సెక్రటరీ గారు జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళారు. గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఇప్పుడాయన ఈ కాగితం ఊపుతూ 'మీ ఆఫీసే ఒప్పుకుందిగా' అంటున్నాడు. నేనేం చెప్పాలి?"

"పార్డన్ మీ," అన్నాను. కంగారులో చెయ్యి తగిలి నీళ్ళ గ్లాసు ఒలికింది. దానికి ఒక పార్డన్. తుడవడానికి లేచి కుర్చీ ఆమె కాలి మీద పెట్టాను. దానికి ఇంకొకటి.

ఆమె వేళ్ళు మడుస్తోంది. "అయిదయ్యాయి. నేనొచ్చి రెండు నిమిషాలు కూడా కాలేదు."

ముందు నా సంగతి చెప్పాలి. మాది లిఫ్టులు బిగించి, బాగుచేసే కంపెనీ. అందులో నాది ఫిర్యాదుల టేబులు. ఎక్కడో లిఫ్టు ఆగుతుంది, ఎవరో ఫోన్ చేసి అరుస్తారు, నేను క్షమాపణ చెప్తాను. రోజుకు నలభై తక్కువ కాకుండా చెప్తాను. ఫోన్‌తో అయిపోదు, ఉత్తరం కూడా వెళ్ళాలి. అందుకు మా దగ్గర తొమ్మిది నమూనా ఉత్తరాలున్నాయి, వాటికి నంబర్లున్నాయి. ఆలస్యానికి రెండో నంబరు, సర్వీసింగ్‌లో లోపానికి మూడో నంబరు, ఇలాగ. ఫిర్యాదు వచ్చిన రోజే సాయంత్రం అయిదు గంటల్లోపు క్షమాపణ వెళ్ళిపోవాలని మా మేనేజరు గారి రూలు. మెకానిక్ రిపోర్టు మాత్రం మర్నాడు పొద్దున వస్తుంది. అంటే తప్పెవరిదో తెలియకముందే మేం తప్పు ఒప్పేసుకుంటాం. ఇందులో వింతేముందో నాకు ఆరోజు దాకా తట్టలేదు.

అలవాటు నాలిక్కి అంటుకుపోయింది. నేను పుట్టగానే ఏడవకుండా 'పార్డన్' అన్నానని మా అక్క అందరికీ చెప్తూ ఉంటుంది.

"ఒక పందెం," అంది ఆమె. "ఇవాళ్టి నుంచి వారం రోజులు ఆ మాట అనకండి. అన్న ప్రతిసారికీ ఒక అంతస్తు చొప్పున నా సంచి మోయాలి. లిఫ్టు ఆగిన బిల్డింగులకే కదా నేను వెళ్ళేది, మెట్లే గతి."

"నేను అన్నానో లేదో మీకెలా తెలుస్తుంది?"

"మీ పక్క టేబులు వాళ్ళని లెక్కపెట్టమంటాను. చూడండి ఎంత ఉత్సాహంగా తలూపుతున్నారో!"

నిజమే. పక్క టేబులు వాళ్ళకి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

వారం తిరిగేసరికి నా లెక్క అరవై ఒక్క అంతస్తులు.

* * *

మొదటి ఆదివారం పద్నాలుగు అంతస్తులు ఎక్కాను. ఆ సంచిలో ఏముందో తెలియదు గానీ రోడ్డు రోలర్ ముక్కలు చేసి పెట్టినట్టుంది. ఆమె ముందు హాయిగా ఈల వేసుకుంటూ ఎక్కుతోంది.

"ఏం పార్డన్ గారూ, బతికే ఉన్నారా?"

"ఉన్నా... నండీ..."

"ఊపిరి ఆడకపోతే చెప్పండి, సంచి నేను తీసుకుంటా. మిమ్మల్ని మాత్రం మొయ్యలేను."

నాకు రోషం పొడుచుకొచ్చింది. పై రెండంతస్తులు పరిగెత్తి ఎక్కాను. తర్వాత పావుగంట మాట్లాడలేకపోయాను, అది వేరే విషయం.

కానీ ఆమె పని చేస్తుంటే చూశాను చూడండి, అప్పుడు అయిపోయింది నా పని. తలకి లైటు కట్టుకుని, లిఫ్టు పైకప్పు మీద మోకాళ్ళ మీద కూర్చుని, లిఫ్టు నడిచే ఇనుప పట్టా మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేది. "ఉష్, మాట్లాడకండి. ఎక్కడ నెప్పో చెప్తోంది," అనేది. ఒక్కో తలుపూ మూసి, తెరిచి, మళ్ళీ మూసి చూసేది. బాగున్నదాన్ని కూడా మూడోసారి చూసేది.

"బాగానే ఉంది కదండీ?"

"రెండుసార్లు బాగుంటే బాగున్నట్టు కాదు. ఇందులో పసిపిల్లలు ఎక్కుతారు."

వాళ్ళ నాన్న కూడా లిఫ్టు మెకానిక్కేనట. మోకాళ్ళు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నారు. ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడు కంపెనీలో ఇన్‌స్పెక్టర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది, ఈ గురువారం కాదు, ఆపై గురువారం ఇంటర్వ్యూ. మూడేళ్ళుగా ఫైల్లో సర్వీసింగ్ లోపమన్న మచ్చ ఒక్కటి కూడా లేనివాళ్ళనే పిలుస్తారు, ఆలస్యాలు లెక్కలోకి రావు. మా బ్రాంచి మెకానిక్కుల్లో అలాంటి ఫైలు ఆమె ఒక్కదానిదే.

"వస్తే ఏం చేస్తారు?" అడిగాను.

"మా నాన్నకి చూపిస్తా. ముప్ఫై ఏళ్ళు చేసినా ఆయనకి రాలేదు ఆ పోస్టు." మళ్ళీ పానా వెతుక్కోసాగింది.

మూడో బిల్డింగు పని ముగిసేసరికి వాన. వాన అంటే మామూలు వాన కాదు, గొడుగున్నవాడు కూడా నవ్వులపాలయ్యే వాన. ఇద్దరం ఆ బిల్డింగ్ గుమ్మం పైకప్పు కింద నిలబడ్డాం. అది ఒకళ్ళు నిలబడటానికి కట్టింది. మధ్యలో సంచి పెట్టుకున్నాం కాబట్టి మర్యాదగానే ఉంది. ఆ సంచి మీద నాకు మొదటిసారి నిజంగా కోపం వచ్చింది.

"నిజం చెప్పండి, ఆ మాటకి అర్థం తెలుసా మీకు?" అంది.

"ఎందుకు తెలీదు? వినపడకపోతే అంటాం. తుమ్మితే అంటాం. దారి కావాలంటే అంటాం. అవతలివాళ్ళు చెప్పింది నచ్చకపోతే, మొహాన అనలేక అంటాం. తప్పు చేస్తే అంటాం."

"తప్పు చేస్తే అనేది ఆఖర్నా!" పడీపడీ నవ్వింది. "అన్నిటికీ ఒకటే మాట! ఒకే స్క్రూడ్రైవర్‌తో లిఫ్టంతా విప్పుతానన్నవాడిని నేను పనిలో పెట్టుకోనండీ."

చినుకు ఒకటి ఆమె ముక్కు చివర నిలిచింది. నేను దాన్నే చూస్తున్నాను.

"ఏమిటా చూపు?"

"పార్డన్?"

"అరవై రెండు," అంది, ముక్కు తుడుచుకుంటూ. మొహం అటు తిప్పుకుంది గానీ, నవ్వుతున్నట్టు భుజాలు చెప్పేశాయి.

* * *

అంత బాగా ఉన్నదాన్ని నేనే పాడుచేశాను. ఎలాగో కూడా చెప్తాను, సిగ్గు విడిచి.

ఆ తర్వాతి శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకి ఫోన్. ఒక పళ్ళ డాక్టరు గారు. మూడు, నాలుగు అంతస్తుల మధ్య నలభై నిమిషాలు లిఫ్టులో ఇరుక్కుపోయాడట. ఆ అరుపుకి ఫోను నా చేతిలో వణికింది. కంపెనీని కోర్టుకీడుస్తానన్నాడు, పేపర్లో వేయిస్తానన్నాడు. నేను మామూలుగా "పార్డన్ సర్, తప్పు మాదే సర్, క్షమించండి సర్" అంటూ పోయాను. ఆయన చల్లబడ్డాడు. గడియారం చూస్తే అయిదుకి పది నిమిషాలుంది. చెయ్యి దానంతటదే మూడో నంబరు తీసింది. "మా మెకానిక్ సర్వీసింగ్‌లో జరిగిన లోపానికి మన్నించగలరు." సంతకం, స్టాంపు, ఫైల్లో ఒక కాపీ.

ఆ బిల్డింగు మేం ఆదివారం వెళ్ళిందే. ఆ తలుపుని ఆమె మూడుసార్లు మూసి తెరవడం నేను పక్కనే నిలబడి చూశాను. రాసేటప్పుడు అది నా బుర్రలోకి రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది. వచ్చినా చెయ్యి ఆగలేదు.

సోమవారం ఆమె నా టేబులు దగ్గరికొచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"సర్, మేనేజరు గారు పిలిచి చెప్పారు. నా ఫైల్లో మచ్చ పడిందట. గురువారం ఇంటర్వ్యూకి నన్ను పిలవట్లేదట."

నన్ను 'సర్' అంది. 'పార్డన్ గారూ' అని వెక్కిరిస్తే ఎంత బాగుండేదో అప్పుడు తెలిసింది.

"పార్డన్... సారీ... క్షమించండి, నేను అసలు..."

"మూడూ అనేశారు." ఆమె చెయ్యెత్తి ఆపింది. "పొద్దుట్నుంచీ ఫోన్లో ఎంతమందికి చెప్పారో ఆ గొంతుతోనే నాకూ చెప్తున్నారు. అది నాకొద్దు సర్. మీ దగ్గరే ఉంచుకోండి."

వెళ్ళిపోయింది. పక్క టేబులు వాళ్ళు కూడా తల దించుకున్నారు.

మేనేజరు గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ అమ్మాయి రిపోర్టులో తలుపుకి దెబ్బ తగిలి ఆగిందని రాసింది. నువ్వేమో మన లోపమని రాశావు. కస్టమర్‌కి రాసిచ్చాక ఏది నిజమంటావయ్యా? డాక్టరు గారు తన నోటితో కాదంటే చూద్దాం," అన్నారు.

డాక్టరు గారు నోటితో కాదనాలి. సరే.

* * *

మంగళవారం క్లినిక్‌కి వెళ్ళాను. లిఫ్టు లోపలి తలుపు మీద మోకాలి ఎత్తులో కొత్త గీత కనిపించింది. పైన రిసెప్షన్‌లో చెప్పారు, డాక్టరు గారు పేషెంట్లతో తప్ప మాట్లాడరట.

"అయితే నాకు పన్ను నెప్పి," అన్నాను.

"ఏ పన్ను?"

"ఏదైనా ఫర్వాలేదండీ."

కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టారు. డాక్టరు గారు వచ్చి, నోట్లో అటూ ఇటూ దూది కుక్కి, పెదవికి ఒక గొట్టం తగిలించారు. ఎప్పుడు నోరు తెరుద్దామా, ఎప్పుడు క్షమాపణతో మొదలుపెడదామా అని వచ్చినవాడిని. నోరు తెరిచే ఉంది, మాట మాత్రం రాదు.

"లిఫ్టు కంపెనీయా మీది? రిసెప్షన్‌లో చెప్పారు," అన్నాడాయన నా పళ్ళు తడుముతూ. "ఆరోజు మీమీద గట్టిగా అరిచాను లెండి."

"ఊఁ, ఊఁ."

"అసలు సంగతి చెప్పనా? మీరు పడుకున్న ఈ కుర్చీయే కారణం. కొత్తది. మెట్లు ఇరుకని లిఫ్టులో ఎక్కించాం. కుర్చీకి కాళ్ళు పెట్టుకునే పలక ఉంది చూడండి, అది తలుపుకి ఆనుతోంది. తగలకుండా నేనే వెనక్కి లాగి పట్టుకున్నాను. మూడో అంతస్తు దాటగానే తుమ్మొచ్చింది! చెయ్యి వదిలేశాను. పలక వెళ్ళి తలుపుకి ధన్ మని కొట్టుకుంది. అంతే, ఆగిపోయింది."

నేను కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నాను.

"నలభై నిమిషాలూ నామీద నాకే ఒళ్ళు మండింది. ఆ మంటంతా మీకు ఫోన్ చేసి దింపుకున్నాను. కుర్చీ సంగతి కూడా చెప్పేద్దామనే అనుకున్నాను. మీరు ఠక్కున తప్పు మాదే అనేశారు. ఇంక నేనెందుకు చెప్తాను?"

ఇన్నేళ్ళుగా ఆ టేబులు దగ్గర కూర్చున్నాను. అవతలివాళ్ళు చెప్పేది ఆఖరిదాకా నేను విన్నది అదే మొదటిసారి. అది కూడా నోట్లో దూది ఉండబట్టి.

దూది తీయగానే 'పా' అన్నాను, మిగతాది మింగేశాను. నేను రాసిన ఉత్తరం సంగతి, ఆమె ఫైలు సంగతి, గురువారం సంగతి చెప్పాను.

ఆయన మొహం మారిపోయింది. "ఆ అమ్మాయా? తలుపు తీసి చెయ్యందించింది ఆవిడే. మంచినీళ్ళు కూడా ఇచ్చింది. అయ్యో!" కాగితం తీసుకుని, పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఎలా రాయాలండీ? నాకు అలవాటు లేదు. మీరు ఈ పనిలో ఆరితేరారు కదా, చెప్పండి."

తొమ్మిది నమూనాలూ మనసులో తిప్పి చూసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

"మీరేం చేశారో అది రాయండి సర్. అసౌకర్యం, చింతిస్తున్నాం, అలాంటివేమీ వద్దు."

రాశాడు. 'కుర్చీ నాది, తుమ్ము నాది, మెకానిక్ తప్పేమీ లేదు' అని మూడు ముక్కల్లో తేల్చేశాడు. నా చేతికిస్తూ, "ఒక పన్ను నిజంగానే పుచ్చింది, వచ్చే వారం రండి," అన్నాడు.

ఆఫీసుకొచ్చి దాని కింద నా కాగితం కూడా పెట్టాను. 'శుక్రవారం నేను పంపిన క్షమాపణను వెనక్కి తీసుకుంటున్నాను. విచారించకుండా రాశాను. ఆ తప్పు నా ఒక్కడిది.'

మేనేజరు గారు రెండుసార్లు చదివారు. "క్షమాపణ వెనక్కి తీసుకోవడం ఏమిటయ్యా! నా సర్వీసులో ఎప్పుడూ వినలేదు. నిన్నింక ఆ టేబులు దగ్గర కూర్చోబెట్టలేను. రేపట్నుంచి స్టోర్స్‌కి వెళ్ళు, బోల్టులు లెక్కపెట్టుకో." అయినా ఆమె ఫైల్లోంచి మూడో నంబరు తీసేసి, మా రెండు కాగితాలూ గుచ్చారు. ఇంటర్వ్యూ లిస్టులో ఆమె పేరు మళ్ళీ ఎక్కింది.

* * *

బుధవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు చేతికర్రతో వచ్చి తలుపు తీశారు.

"నువ్వేనా పార్డన్ గారివి?"

గతుక్కుమన్నాను. "మీకెలా తెలుసండీ?"

"తెలీకపోవడమేం బాబూ! రెండు వారాలు మా ఇంట్లో పొద్దున్నా సాయంత్రం నీ గొడవే. మొన్న సోమవారం నుంచే ఆ ఊసెత్తితే మీద పడుతోంది. రా, లోపలికి రా. జాగ్రత్త, మంచి కోపంలో ఉంది."

ఆమె కింద కూర్చుని ఉంది. చుట్టూ పుస్తకాలు, జుట్టులో పెన్సిలు. నన్ను చూసి లేవలేదు.

"లిస్టులో పేరు మళ్ళీ పెట్టారట. ఎలాగో ఎవరూ చెప్పట్లేదు. ఎందుకొచ్చారు సర్?"

"డాక్టరు గారు నిజం రాసిచ్చారు. నేనూ ఒకటి రాశాను. కానీ దానికోసం రాలేదండీ." నిలబడే చెప్పేశాను. "ఆ తలుపు మీరు మూడుసార్లు చూడటం నేను చూశాను. అయినా మీ సర్వీసింగ్‌లో లోపమని రాశాను. రాస్తున్నప్పుడు నాకు తెలుసు. ఆయన అరుపు ఆగితే చాలనిపించింది. మీ మూడేళ్ళ పనిని పది నిమిషాల్లో ఇచ్చేశాను. నాది కూడా కాదది, మీది. ఇదీ నేను చేసింది. ఇది చెప్దామనే వచ్చాను."

నేను గుమ్మం వైపు తిరిగాను.

"అంతేనా?" అంది వెనక నుంచి. "అడగరా?"

"ఏమిటి?"

"ఏమిటంటారేమిటి! రోజూ నలభైమందిని అడుగుతారుగా!"

"వాళ్ళని ఎప్పుడూ అడగలేదండీ. చెప్పేసి ఫోన్ పెట్టేస్తాను. వాళ్ళేమంటారో వినను."

"అయితే కూర్చుని అడగండి."

కూర్చున్నాను. "నన్ను క్షమిస్తారా?"

అడిగి ఆగాను. ఆగడం అంటే ఏమిటో ఆ గదిలో తెలిసింది. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. వాళ్ళ నాన్నగారు దగ్గు ఆపుకుంటున్నారు. ఆమె జుట్టులోంచి పెన్సిలు తీసి, దాని మొన చూసి, మళ్ళీ పెట్టుకుంది. వద్దంటే ఏం చేయాలో నాకు తెలియదు. ఆ మాటకి ఇంత భయం ఉంటుందని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

"ఆలోచించి చెప్తా," అంది చివరికి.

"ఎన్నాళ్ళు?"

"అంత తొందరేం? తప్పు చిన్నదా?"

"కాదండీ. ఎన్నాళ్ళయినా ఉంటాను." తర్వాత ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు గానీ, "ఇంకో ప్రశ్న కూడా ఉంది," అన్నాను.

వాళ్ళ నాన్నగారు చేతికర్ర అందుకుని లేచారు. "నేను టీ పెట్టుకొస్తా."

"నాన్నా, నీ మోకాళ్ళు! కూర్చో."

"కూర్చుంటే ఆ అబ్బాయి అడగడమ్మా," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. గిన్నె చప్పుడు మాత్రం ఒక్కటీ వినిపించలేదు.

"అడగండి మరి," అంది పుస్తకంలోకి చూస్తూ. చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఆఁ, చేసుకుంటాను."

నేనింకా ఊపిరి బిగబట్టడం కూడా మొదలుపెట్టలేదు. "పార్... కాదు, ఇంత తొందరగానా? ఇంకా క్షమించలేదు కదండీ!"

"క్షమించడానికి ఆలోచించాలి. దీనికి ఆలోచించేదేముంది? వాన రోజే అయిపోయింది నా ఆలోచన." అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, పెదాల మీద మాత్రం అదే వెక్కిరింత.

"బాబూ," వంటింట్లోంచి కేకొచ్చింది, "మా అమ్మాయి మంచిదే గానీ దేన్నైనా మూడుసార్లు పరీక్ష చేస్తుంది. ఇష్టమేనా?"

"ఇష్టమేనండీ!"

"అయితే నాకూ ఇష్టమే. ఈ చక్కెర డబ్బా ఎక్కడ పెట్టిందో చచ్చినా దొరకట్లేదు, ఒకసారి వచ్చి వెతుకు."

మర్నాడు ఇంటర్వ్యూలో ఆ పోస్టు ఆమెకే వచ్చింది. ఆర్డరు కాగితం వాళ్ళ నాన్నగారి చేతిలో పెడితే, ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. చదవడం అయిపోయాక కూడా కళ్ళజోడు తీయలేదు.

మా పెళ్ళయి ఇప్పటికి రెండేళ్ళు. నేను స్టోర్స్‌లోనే ఉన్నాను, హాయిగా ఉంది. మొదటి ప్రశ్నకి మాత్రం ఇంకా జవాబు రాలేదు. అప్పుడప్పుడు, ముఖ్యంగా ఆవిడ మంచి హుషారులో ఉన్నప్పుడు, గుర్తుచేస్తూ ఉంటాను.

"ఆలోచిస్తున్నానన్నానా!" అంటుంది, నా భుజం మీద తల పెట్టుకుని.

నేను సరే అంటాను. కదలకుండా కూర్చుంటాను.